సీట్ల పిన్ని చూసిన కారు

కారు ఎక్కే ముందు సీట్ల పిన్ని చెప్పులు విప్పుతుంది. లక్షాధికారి కారైనా, కూరగాయలు మోసే పాత వ్యానైనా ఆమెకు ఒకటే. ఒక మనిషి రోజూ కూర్చునే చోటు అంటే ఆ మనిషి ఒడి లాంటిది, చెప్పులతో తొక్కకూడదు అంటుంది. ఆ పూట కూడా టీచరమ్మగారి షెడ్డు గుమ్మంలో చెప్పులు వదిలింది. కళ్ళు మూసుకుని, పెదవి కదిలీ కదలకుండా దేవుణ్ణి తలుచుకుంది. తర్వాత సంచిలోంచి పచ్చ గుడ్డ పేలిక తీసి, కారు మీటరు మీద కప్పి అంచులు లోపలికి దోపింది.

ఆ పేలిక తీసేదాకా కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో ఎవరూ చదవకూడదు. చదివిన కళ్ళు ఇంక మిగతా కారును చూడవని పిన్ని నమ్మకం. కారే చెప్పాలి, ఆ తర్వాత మీటరు చెప్పాలి, రెండూ కలవాలి.

ఆమె పని కార్ల సీట్లు కుట్టడం. వీధంతా పిన్ని అనే పిలుస్తుంది. ఆమె అన్నయ్య ఇంజన్లు బాగుచేస్తాడు. ఆయన గొంతు పుణ్యమా అని అందరూ ఆయన్ని హారన్ అంటారు. ఆయన కారు కింద పడుకుని స్పానరు అడిగితే వీధి చివర పోయే సైకిలు పక్కకు తప్పుకుంటుందని పిన్ని వేళాకోళం. ఎవరైనా వాడిన కారు కొనాలనుకుంటే ఈ అన్నాచెల్లెళ్ళను తీసుకెళతారు. ఆయన బానెట్టు లోపల చూస్తాడు, ఆమె తలుపుల లోపల చూస్తుంది. చూస్తున్నంతసేపూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. చివరికి కారుకు ఆ వైపు ఒకరు, ఈ వైపు ఒకరు కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగి ఉంటుందో నేలమీద సుద్దముక్కతో తమ అంకె రాస్తారు. రెండు అంకెలూ దగ్గరగా ఉంటేనే కొనమని మాట ఇస్తారు. లేకపోతే టీ తాగేసి లేచి వచ్చేస్తారు.

ఇది వాళ్ళ నాన్న పెట్టిన అలవాటు. ఆయన బస్సులకు చెక్క బాడీలు కట్టేవాడు. పలక కోసే ముందు ఇద్దరు పిల్లల్నీ విడివిడిగా పిలిచి కొలవమనేవాడు. కొలతలు కలిస్తే రంపం పెట్టేవాడు. కలవకపోతే కసురుకునేవాడు కాదు. "మళ్ళీ చూసి రండి" అని బీడీ వెలిగించుకునేవాడు. బడి చదువు ఏడో తరగతితో ఆగిపోయిన ఆ ఇద్దరికీ జీవితంలో దొరికిన పెద్ద చదువు అదే.

ఇవాళ చూడబోయే కారు మాత్రం మామూలుది కాదు. విదేశం నుంచి ఓడలో వచ్చిన బండి. రెండే తలుపులు, నేలకు కరుచుకుపోయినట్టుండే ఒళ్ళు, కాలు ఆనించగానే వీపును సీటుకు అతికించేసేంత ఊపు. కొనేది హారన్ అల్లుడు. పక్క పట్నంలో కళ్ళద్దాల కొట్టు నడిపే మెత్తటి మనిషి. చిన్నప్పుడు తన పుస్తకాల అట్టల మీద అంటించుకున్న బొమ్మ ఈ కారేనట. ఆ కబురు విన్నప్పటి నుంచి కళ్ళద్దాలు అమ్మేవాడికే ఇంకేమీ కనబడటం లేదని ఇంట్లో నవ్వుకుంటున్నారు.

నవ్వు వెనకాల పిన్నికి ఒక దిగులు ఉంది. మేనకోడలికి ఏడో నెల. కదలాలంటే ఇప్పుడే కదలాలి, ఆ తర్వాత ప్రయాణాలు వద్దు అని డాక్టరమ్మ చెప్పింది. అందుకని అల్లుడు ఇవాళే కారు కొని, ఇవాళే భార్యను అందులో ఎక్కించుకుని కొండ దారిన తమ ఊరికి తీసుకెళతానని కూర్చున్నాడు. ఆ దారికి ఒక పక్క రాయి, రెండో పక్క ఏమీ లేదు. దిగుతున్నంతసేపూ బ్రేకు మీద నుంచి కాలు తీయడానికి ఉండదు. కారు మంచిదా కాదా అన్న మాటకు ఇవాళ బరువు అంతా ఇంతా కాదు. కడుపులో ఉన్న ఒక బిడ్డ బరువు.

పిన్ని డ్రైవరు సీటు పక్కన మోకాళ్ళ మీద కూర్చోబోయింది.

"ఉండండి ఉండండి, నేల గట్టిది" అంటూ కారు అమ్మే టీచరమ్మ ఇంట్లోకి వెళ్ళి, మడతపెట్టిన దుప్పటి తెచ్చి పిన్ని మోకాళ్ళ కింద వేసింది. ఏ ఇంట్లోనూ ఎవరికీ తట్టని సంగతి అది. పిన్ని ఆమె వైపు ఒకసారి చూసి, మనసులోనే దండం పెట్టుకుని, పనిలో పడింది.

ఇలాంటి వేగం బళ్ళకు సీట్లు మామూలు సీట్లు కావు. మలుపుల్లో మనిషి జారిపోకుండా రెండు పక్కలా గోడల్లా ఎత్తైన దిండ్లు ఉంటాయి. కారు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తలుపు వైపు దిండు మీదుగా జారాలి. అందుకే ఆ దిండును చూస్తే ఎన్నిసార్లు ఎక్కారో, ఎన్నిసార్లు దిగారో తెలుస్తుంది. పిన్ని చెయ్యి వేసి చూసింది. దిండు నలిగి చదునైపోయి ఉంది. తోలు పగిలి, పగుళ్ళలోంచి లోపలి స్పాంజి పొడి రాలుతోంది.

స్టీరింగు పట్టుకుంది. దానికి జింక చర్మం లాంటి మెత్తటి తొడుగు. చేతులు పెట్టే చోట నూగు అంతా అణిగిపోయి నున్నగా మెరుస్తోంది. గేరు బుడిపె కూడా అంతే, చెయ్యి పట్టి పట్టి గులకరాయిలా అయింది. తర్వాత తల వంచి పెడల్స్ చూసింది. వాటి మీది రబ్బరు మొటిమలు ఇప్పుడే అచ్చులోంచి తీసినంత కొత్తగా ఉన్నాయి.

సీటు ముసలిది, పెడల్స్ పసివి. మీటరు వెనక్కి తిప్పి అమ్మేవాళ్ళు మొట్టమొదట మార్చేది పెడల్ రబ్బర్లే. కొనేవాళ్ళు అక్కడే చూస్తారని వాళ్ళకు తెలుసు. సీటు మార్చాలంటే ఇలాంటి విదేశీ కారుకు జోడీ తోలు ఎక్కడా దొరకదు. అందుకని సీటును వదిలేస్తారు. ఇన్నేళ్ళలో ఆమె ఎన్ని చూడలేదు.

కానీ ఆ దుప్పటి ఇంకా ఆమె మోకాళ్ళ కిందే ఉంది.

లేచి, తనవైపు నేలమీద అంకె రాసింది. లక్ష పైన. కారు చుట్టూ తిరిగి అన్నయ్య రాసింది చూసింది. ముప్పై వేల లోపు.

"ఏంటే ఇది? ఒక సున్నా ఎక్కువ పడిందేమో చూసుకో" అన్నాడు హారన్, ఆమె అంకె దగ్గరికి వచ్చి.

"చూసుకునే రాశాను. నువ్వు చెవులు శుభ్రం చేసుకుని ఎన్నాళ్ళయింది?"

"ఇంజన్ పాడుతోందే. మూత తీసి చూశాను, లోపల అద్దంలా ఉంది."

"ఇంజనే మార్చారేమో."

"మార్చలేదు. బోల్టుల మీద కంపెనీ వేసిన రంగు గీతలు చెక్కుచెదరలేదు. స్పానరు పెడితే ఆ గీత చిట్లుతుంది, నాకు తెలీదా?"

"అయితే సీటు అబద్ధమాడుతోందా?"

గొంతు తగ్గించే అడిగింది, కానీ షెడ్డు చిన్నది. టీచరమ్మ టీ కప్పుల పళ్ళెంతో గుమ్మంలోనే నిలబడిపోయింది. టీలు చల్లారకుండా ఒక్కో కప్పు మీద ఒక్కో సాసరు బోర్లించి తెచ్చింది.

"మీటరు ఎవరూ ముట్టుకోలేదండీ" అంది ఆమె.

"మరి ఈ కారు రోజూ ఎవరు నడిపారమ్మా?" పిన్ని అడిగింది.

"ఎవరూ నడపలేదు."

"నడపని కారుకి సీటు ఇలా అయిపోతుందా తల్లీ?"

టీచరమ్మ కళ్ళు ఒక్క క్షణం షెడ్డుకు ఎదురుగా ఉన్న తన ఇంటి కిటికీ వైపు వెళ్ళాయి. తెర వేసి ఉంది. ఏదో చెప్పబోయి ఆగింది. "నాకంతకన్నా తెలీదండీ" అని పళ్ళెం స్టూలు మీద పెట్టి, చేతులు ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడింది.

అల్లుడు ఇంక ఓపిక పట్టలేక మీటరు మీది పేలిక లాగేశాడు. ఇరవై ఏడు వేల చిల్లర.

"చూశారా? మామయ్యగారి లెక్కే" అన్నాడు, మొహం వెలిగిపోతూ.

"వెనక్కి తిప్పిన మీటరు కూడా అలాగే ఉంటుంది బాబూ" అంది పిన్ని.

"పిన్నిగారూ, ఒక మాట కలవలేదని ఇంత కారుని వదిలేస్తామా? మామయ్యగారి మాట నాకు చాలు."

"నాకు చాలదు" అంది మేనకోడలు. ఆమె షెడ్డు గోడకు ఆనుకుని, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని ఇంతవరకూ ఊరికే వింటోంది. "అత్తయ్య ఊఁ అంటే ఎక్కుతాను. లేకపోతే మీరొక్కరే వెళ్ళండి, నేను ఇక్కడే కంటాను."

అల్లుడి మొహం వాడిపోయింది. హారన్ గొంతు సవరించుకుని, మొట్టమొదటిసారిగా మెల్లగా మాట్లాడాడు. "చెల్లీ, అల్లుడి ముందు నా పరువు తీయకు. ఇంజన్ సంగతి నాకు తెలుసు."

"పరువు గురించి కాదన్నయ్యా, పిల్ల గురించి." పిన్ని మళ్ళీ చెప్పులు విడిచింది. "ఇంకోసారి చూసి వస్తాను."

ఈసారి ఆమె పక్కన మోకరిల్లలేదు. సీటులోనే కూర్చుంది. తలుపు వేసుకుని, ఈ కారు నడిపిన మనిషి ఎక్కడ చేతులు పెట్టి ఉంటాడో అక్కడే తన చేతులు పెట్టింది. పెట్టగానే ఏదో తేడా తగిలింది. నూగు అణిగింది రెండే రెండు చోట్ల, కుడి అరచెయ్యి కింద, ఎడమ అరచెయ్యి కింద. మిగతా చక్రమంతా కొత్త తువ్వాలులా నూగు లేచే ఉంది. స్టీరింగు తిప్పే మనిషి చేతులు ఒక చోట ఉండవు. మలుపుకొకసారి చక్రం చేతుల్లోంచి జారుతుంది, చుట్టూ అరుగుతుంది. ఈ చేతులు పట్టుకున్నాయి, తిప్పలేదు.

పిన్ని నెమ్మదిగా వంగి పెడల్స్ కింద నేలను తడిమింది. లక్ష తిరిగిన బండికి మడమ ఆనే చోట కార్పెట్టు చిల్లి పడాలి. ఇక్కడ చిల్లి లేదు, కుట్టు చెదరలేదు, కార్పెట్టు మార్చిన జాడ లేదు. కానీ రెండు చిన్న గుంటలు ఉన్నాయి, పక్కపక్కన, రెండు మడమలు పెట్టి ఇంక కదపకుండా ఉంచేసినట్టు.

ఇందులో ఎవరో కూర్చునేవారు. ఊరికే కూర్చునేవారు, కాళ్ళు కదపకుండా.

రెండో వైపు తలుపు తెరుచుకుంది. టీచరమ్మ వచ్చి పక్క సీటు అంచున కూర్చుంది. బయట ఉన్నవాళ్ళకు వినబడకుండా తలుపు దగ్గరికి లాక్కుంది.

"మీకు తెలిసిపోయింది కదూ" అంది.

"మీ ఆయనా?"

"ఓడ ఇంజనీరుగా చేసేవారు. ఈ కారుని ఆయన ఓడలోనే తెచ్చుకున్నారు. తర్వాత ఒంట్లో బాగాలేక కాళ్ళు పడిపోయాయి. పొద్దున్న నేను బడికి వెళ్ళే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి చక్రాల కుర్చీలో తెచ్చి ఇందులో కూర్చోబెడతాను. నాకేమో ఒక్క ఊపున ఎత్తే బలం లేదు. ఆ దిండు మీద ఆనించి లోపలికి జారుస్తాను." ఆమె నలిగిన తోలు వైపు చూసింది. "అది అలా అయింది నా వల్లే. సాయంత్రాలు కాసేపు ఇంజన్ తిప్పుకుని ఆ చప్పుడు వింటూ కూర్చుంటారు. కారు మాత్రం కదలదు. ఆయన పడ్డప్పటి నుంచి కదలలేదు. మా తమ్ముడొస్తే గేటు దాకా తెచ్చి మళ్ళీ లోపల పెడతాడు, అంతే."

"ఆ మాట ఇందాకే చెబితే సరిపోయేదిగా తల్లీ. నేను మిమ్మల్ని..."

"ఎవరికీ చెప్పకు అన్నారు. ఆగిన కారులో కూర్చుని చిన్నపిల్లాడిలా స్టీరింగు పట్టుకుంటానని తెలిస్తే జనం నవ్వుతారని ఆయన బాధ. అందుకని మీరు నన్ను దొంగ అనుకున్నా ఊరుకున్నాను."

పిన్ని ఆ నలిగిన దిండును అరచేత్తో నిమిరింది. "మరి ఇప్పుడెందుకు అమ్మడం?"

"ఆయనే అమ్మెయ్యమన్నారు. మొన్న తనను లేపుతూ నేను నడుం పట్టుకోవడం చూశారు."

పిన్ని ఆమె చేతిమీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉంచింది. నోటితో దొంగ అనలేదు గానీ సుద్దముక్కతో అననే అంది. భగవంతుడు తొందరపడ్డ నాలుకను క్షమిస్తాడేమో గానీ, ఇంతమంది ఎదుట రాసిన రాతను తనే తుడవాలి అనుకుంది. దిగి తన అంకెను అరికాలితో చెరిపేసింది.

"అన్నయ్యా, నీ అంకే నా అంకె. మీటరు నిజమే."

హారన్ నోరు తెరిచాడు. "ఇందాక లక్ష అన్న దానివి?"

"పొరపాటు పడ్డాను."

"ఎందుకు పడ్డావో చెప్పవా?"

"చెప్పను. మాట కలిసింది, చాలు."

హారన్ కోపం తెచ్చుకోవాలో సంతోషించాలో తెలియక మీసం నిమురుకున్నాడు. అల్లుడి కాళ్ళు నేలమీద ఆనడం లేదు. కిందికి దూరి చూడటం ఎందుకు మామయ్యగారూ, ఇంతకన్నా ఏం కావాలి, ఎండ ముదరకముందే కొండ దాటేస్తాం అంటూ సంచులు వెనక పడేశాడు. మామూలుగా అయితే మాట కలిశాక హారన్ కారును జాకీ మీద ఎత్తి కిందంతా తడుముతాడు. ఇవాళ అల్లుడి తొందర, తన లెక్కే గెలిచిందన్న సంబరం, రెండూ కలిసి ఆయన్ను ఆపేశాయి. చక్రాల సందుల్లోంచి బ్రేకు పలకలు చూసి, "కొత్తవే" అని చేతులు దులుపుకున్నాడు.

మేనకోడలు జాగ్రత్తగా వంగి పక్క సీటులో కూర్చుని వెనక్కి వాలింది. వీపు దగ్గర టప్ మని చిన్న చప్పుడైంది.

"నా బరువుకి కారు భయపడింది" అని నవ్వింది.

పిన్ని నవ్వలేదు. వంగి చూసింది. సీటు వీపు కుట్టు జానెడు మేర విచ్చుకుంది. తోలుకు ఒక్క గీత లేదు. ఎవరూ కూర్చోని సీటు, కొత్తదానిలా నిగనిగలాడుతోంది. దారం కొస పట్టుకుని చిన్నగా లాగింది. ఎండిన గడ్డిపోచలా చేతిలోకి వచ్చేసింది. వాడగా వాడగా తెగిన దారానికి కొస పీచులా లేస్తుంది. దీనికి పీచు లేదు. ఇది ఊరికే ఉండి ఉండి చచ్చిపోయిన దారం.

దారం చచ్చిపోతే, కింద గొట్టాల రబ్బరో? మీటరు ఎక్కడ ఆగిందో తెలుసుకోవడానికే పొద్దుటి నుంచి పాట్లు పడ్డారు. కారు ఎన్నాళ్ళు ఆగిందో ఎవరూ అడగలేదు. తను కూడా అడగలేదు.

అల్లుడు తాళం చెవి ఊపుకుంటూ డ్రైవరు తలుపు దగ్గరికి వచ్చేసరికి సీటులో పిన్ని కూర్చుని ఉంది.

"పిన్నిగారూ, దిగండి."

"దిగను."

"మీకు డ్రైవింగ్ రాదుగా?"

"రాదు. అందుకే ఇది కదలదు."

హారన్ దగ్గరికి వచ్చాడు. "ఇదేం పంతమే? ఊఁ అన్నావు, మళ్ళీ ఊహూఁ అంటున్నావు."

"తక్కువ తిరిగిందని సంబరపడ్డాం అన్నయ్యా. తక్కువ తిరిగిందంటే ఎక్కువ నిలబడిందని. కింద రబ్బర్లు చూడు. గొట్టాలు చూడు. టైర్లు చూడు."

"నిలబడిన ఇంజన్ ఇలా పాడదు. ఇది రోజూ తిరుగుతున్న బండి. నా చెవుల మీద ఒట్టు."

"నిలబడే ఉంది."

"నీకెలా తెలుసు?"

చెబితే టీచరమ్మ ఇన్నాళ్ళు కాపాడిన మాట పోతుంది. చెప్పకపోతే అన్నయ్య నమ్మడు, అల్లుడు ఆగడు. పిన్ని చక్రాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంది. పక్క సీట్లో మేనకోడలు నవ్వు ఆపేసి ఆమె మొహంలోకే చూస్తోంది. అల్లుడు అటు తిరిగి, ఇటు తిరిగి, "ఇంక చాలు పిన్నిగారూ, అవతల ఎండెక్కుతోంది" అని, మర్యాద చెడకుండానే ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఆమెను లేపకు బాబూ."

గొంతు టీచరమ్మ ఇంటి కిటికీలోంచి వచ్చింది. తెర పక్కకు తొలిగింది. చక్రాల కుర్చీలో ఒక మనిషి, తెల్లటి గడ్డం, వెడల్పాటి భుజాలు. కిటికీ చువ్వలు పట్టుకుని ముందుకు వంగి ఉన్నాడు.

"ఆమె చెప్పింది నిజం. నేను రోజూ అందులో కూర్చుంటాను. ఇంజన్ తిప్పుకుని కూర్చుంటాను. నా కాళ్ళలాగే అదీ కదల్లేదు. ఓడల్లో పనిచేసిన వాణ్ణి, ఆ గొట్టాల సంగతి నేనే ముందు చెప్పాల్సింది. చెబితే ఎన్నాళ్ళు ఆగిందని అడుగుతారు, ఎందుకాగిందని అడుగుతారు. సిగ్గుపడి ఊరుకున్నాను. ఎక్కేది ఎవరో ఇప్పుడు చూశాను." ఆయన మేనకోడలి వైపు చూసి కళ్ళు దించుకున్నాడు. "ఎత్తి చూడండి."

ఎవరూ నవ్వలేదు. టీచరమ్మ గోడ వైపు తిరిగింది.

అల్లుడు పిన్ని మోచెయ్యి వదిలేసి, ముందు భార్యను చెయ్యి పట్టి దింపాడు. హారన్ జాకీ పెట్టి ముందువైపు ఎత్తాడు. కింద మొద్దులు దన్నుగా పెట్టి, చక్రం ఊడదీసి, దాని వెనక దూరాడు. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. హారన్ మౌనంగా ఉండటం ఎవరికీ అలవాటు లేదు.

"పైన తొడుగు బాగానే ఉంది" అన్నాడు చివరికి. "తొడుగు కింద బ్రేకు గొట్టం మాత్రం... వేలితో వంచితే పగుళ్ళు కనబడుతున్నాయి. సన్నవేలే. చెల్లీ, కూర్చునే ఉన్నావుగా, ఆ మధ్య పెడల్ తొక్కు. అల్లుడుగారూ, గేరు తీసి ఇంజన్ స్టార్ట్ చెయ్యండి."

ఇంజన్ గుర్రుమంది. పిన్ని తొక్కింది. పెడల్ గట్టిగానే నిలబడింది.

"నిలబడింది" అన్నాడు అల్లుడు, ఆశగా.

"వీధిలో తొక్కినట్టు కాదే" అన్నాడు హారన్, తల పక్కకు తీసుకుంటూ. "కొండ దిగుతున్నావనుకో. ఎదురుగా మలుపనుకో. పక్కన పిల్ల ఉందనుకో."

పిన్ని కళ్ళు మూసుకుంది. దేవుడి పేరు నోట్లోనే ఉంది. రెండు చేతులతో చక్రం పట్టుకుని, నడుం సీటుకు అదిమి, ఉన్న బలమంతా పాదంలోకి దించి తొక్కింది. పెడల్ ఆగింది. ఇంకా ఆగింది. ఉన్నట్టుండి కింద ఏదో చిట్లిన చప్పుడు, పాదం కింద ఏమీ లేనట్టు పెడల్ నేలకు అంటుకుపోయింది. మెట్టు ఉందనుకుని చీకట్లో అడుగేస్తే లేనట్టు.

హారన్ బయటికి వచ్చాడు. మోచేతి దాకా బ్రేకు నూనె కారుతోంది. దాన్ని తుడుచుకోలేదు. చెల్లెల్ని చూశాడు, కూతుర్ని చూశాడు, నేల చూశాడు.

"నేను ఎత్తి చూడలేదే" అన్నాడు. అంత చిన్న గొంతు ఆయనకు ఉందని ఆ వీధిలో ఎవరికీ తెలియదు.

"మనం మళ్ళీ చూశాంగా" అంది పిన్ని. ఆమె కాలు ఇంకా పెడల్ మీదే ఉంది, తీయడం మరిచిపోయింది.

అల్లుడు ఇంజన్ ఆపి, షెడ్డు మెట్టు మీద కూలబడ్డాడు. మేనకోడలు వెళ్ళి పక్కన కూర్చుంటే ఆమె చెయ్యి తీసుకుని రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు. తర్వాత తలెత్తి, "ఇప్పుడు మాట ఇస్తారా, ఇవ్వరా పిన్నిగారూ?" అన్నాడు.

"గొట్టాలన్నీ మారాలి. టైర్లు మారాలి. మీ మామయ్య కింద పడుకుని రోజంతా చూడాలి. అప్పుడు ఇస్తాం. అప్పటిదాకా కారు ఇక్కడే ఉంటుంది. పిల్ల మాత్రం రైల్లో వెళ్తుంది, నేను తోడు వెళతాను. బిడ్డ పుట్టాక నిదానంగా వచ్చి తీసుకెళ్ళండి."

అల్లుడు తలూపాడు. సంచులు వెనక నుంచి తీసి ఒక్కొక్కటే గోడ పక్కన పెట్టాడు. తర్వాత కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ఏదో అడిగాడు. లోపలి మనిషి వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. అల్లుడు మళ్ళీ అడిగాడు. ఇంట్లోకి వెళ్ళి, చక్రాల కుర్చీని తోసుకుంటూ షెడ్డులోకి తెచ్చాడు.

ఈలోగా హారన్ చక్రం బిగించి కారును కిందికి దింపాడు. పిన్ని సీటు ఖాళీ చేసి పక్కకు తప్పుకుంది. అల్లుడు ఓడ ఇంజనీరును రెండు చేతులతో ఎత్తి, ఆ నలిగిన దిండుకు తగలకుండా లోపల కూర్చోబెట్టాడు. కాళ్ళు సర్ది పెట్టాడు.

"బ్రేకు లేదండీ, జాగ్రత్త" అన్నాడు, ఇంకేం మాట్లాడాలో తోచక.

"నాకంటే నిదానమైన డ్రైవరు నీకెక్కడ దొరుకుతాడు బాబూ" అన్నాడు ఆయన. "ఇన్నాళ్ళలో బ్రేకు మీద కాలే పెట్టలేదు."

ముందు హారన్ నవ్వాడు, వీధి చివరిదాకా వినబడేలా. తర్వాత మేనకోడలు, తర్వాత ఆ మనిషే. అల్లుడు చుట్టూ తిరిగి వెళ్ళి, విచ్చుకున్న కుట్టు వైపు జాగ్రత్తగా చూసుకుని పక్క సీట్లో కూర్చున్నాడు. ఈ గేరు ఎలా వెయ్యాలి, కొండ దిగేటప్పుడు ఇంజన్‌తోనే బండిని ఎలా పట్టుకోవాలి అని అడగడం మొదలుపెట్టాడు.

టీచరమ్మ కారు తలుపు పక్కన నిలబడి ఉంది. ఆ పూట ఆయన్ని ఆమె ఎత్తలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు అటూ ఇటూ చూసింది. చివరికి చల్లారిపోయిన టీలు వేడి చేసి తెస్తానని లోపలికి వెళ్ళింది, నడుం పట్టుకోకుండా.